రంపం దిగిన రోజే పని మొదలుపెట్టకండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సాంస్కృతిక సభలో యంత్రం గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాగలి, కాడి, ఇంటి దూలం, పర్ధాన్ల చేతిలోని కీకిరి అన్నీ చెక్కతో చేసినవే. కొలాం సోదరుల వెదురు పని అందరికీ తెలిసిందే. చెక్కపని మన బతుకులో భాగం. ఇప్పుడు ఐటీఐ చదివిన మన పిల్లలు కొందరు ఇంటి పెరట్లో షెడ్డు వేసి, అప్పు చేసి, క్యాబినెట్ టేబుల్ రంపం తెచ్చుకుంటున్నారు. సంతోషమే. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: రంపం ఇంటికి వచ్చాక దాన్ని కుదర్చడానికి రెండు రోజులు కేటాయించండి. మీ వేళ్లు, మీ అప్పు, మీ పేరు ఆ రెండు రోజుల మీదే ఆధారపడి ఉంటాయి.

పది అంగుళాల బ్లేడు నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగితే దాని పళ్లు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. అంత వేగంలో చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఎవరికీ దొరకదు. కాబట్టి జాగ్రత్తంతా స్విచ్ వేయకముందే పడాలి.

ముందు చోటు. ఈ రంపం రెండు క్వింటాళ్లకు పైగా బరువుంటుంది. మట్టి నేల మీద పెడితే కుంగుతుంది, కాంక్రీటు గచ్చు కావాలి. ఎనిమిది అడుగుల పలకను కోయాలంటే బ్లేడుకు ముందు ఎనిమిది అడుగులు, వెనుక ఎనిమిది అడుగులు ఖాళీ ఉండాలి. నలుగురు మనుషులు లేకుండా దించవద్దు. దించేటప్పుడు బల్ల అంచులు పట్టుకోండి, ఫెన్సు పట్టాలను పట్టుకుని ఎత్తితే అవి వంగిపోతాయి. రసమట్టం పెట్టి నాలుగు మూలలూ ఊగకుండా చూసుకోండి.

తర్వాత కరెంటు. మూడు హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు నిండు పనిలో దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు. ఇంట్లో ఫ్యానుకు వేసిన వైరుతో దీన్ని నడపకూడదు. మీటరు నుంచి వేరే లైను, సరైన మందం రాగి వైరు, ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. మన ఊళ్లలో వోల్టేజీ పడిపోవడం మామూలే. వోల్టేజీ తగ్గితే పనిచేస్తున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలిపోతుంది. అలాంటి వేళ పని ఆపేయండి.

ఇంకో ముఖ్యమైన విషయం. కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు రంపం తనంతట తాను తిరగకూడదు. పచ్చ బటన్ మళ్లీ నొక్కితేనే తిరిగే స్టార్టరు ఉండాలి. దాన్ని నో వోల్ట్ స్టార్టరు అంటారు. లేకపోతే చీకట్లో బ్లేడు దగ్గర చెయ్యి పెట్టి చెక్క తీస్తున్నప్పుడే కరెంటు రావచ్చు. దీనికయ్యే ఖర్చు దగ్గర బేరమాడకండి.

ఇక కుదర్చడం. ప్లగ్ పీకేసి మొదలుపెట్టండి. బల్ల మీద తుప్పు పట్టకుండా పూసిన గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఆరాక మైనం పాలిష్ పట్టించండి. వానాకాలంలో పోత ఇనుము ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది కాబట్టి ఈ పని నెలనెలా చేయాలి.

బ్లేడును పూర్తిగా పైకి లేపండి. ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టండి. మైటర్ గాడికి ఆనించిన మూలమట్టంతో ఆ పంటి దూరాన్ని ముందు వైపు కొలవండి. బ్లేడును చేత్తో తిప్పి అదే పంటిని వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. రెండు కొలతలకూ తేడా ఒక కాగితం మందం, అంటే మిల్లీమీటరులో పదోవంతు మించకూడదు. మించితే బల్లను క్యాబినెట్‌కు బిగించిన బోల్టులు కొద్దిగా వదులు చేసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి సరిచేయండి. ఈ రంపంలో మోటారు, బ్లేడు క్యాబినెట్‌కే బిగించి ఉంటాయి. అందువల్ల బల్లను మాత్రం జరిపితే సరిపోతుంది. బోల్టులు బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో బల్ల కదులుతుంది. ఓపిక ఉన్నవాడికే ఈ పని అబ్బుతుంది.

ఫెన్సును కూడా అదే గాడికి సమాంతరంగా పెట్టండి. వెనుక వైపు ఫెన్సు బ్లేడుకు దగ్గరైతే చెక్క మధ్యలో ఇరుక్కుంటుంది. వెనుక పళ్లు బల్లలోంచి పైకి లేస్తూ ఉంటాయి కాబట్టి అవి చెక్కను ఎత్తి మీ కడుపు మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. చెక్కతో పాటు దాన్ని తోసే చెయ్యి కూడా బ్లేడు వైపు లాగబడుతుంది.

దీన్ని ఆపేది బ్లేడు వెనుక నిలబడే పలుచని ఉక్కు రేకు, రివింగ్ నైఫ్. అది కోసిన చీలిక మూసుకుపోకుండా పట్టుకుంటుంది. పచ్చి టేకును, వంకర పెరిగిన తుమ్మను కోస్తే లోపలి బిగువు విడి చెక్క బ్లేడును నొక్కుతుంది, అప్పుడు ఆ రేకే మీకు రక్ష. పనికి అడ్డమని చాలా దుకాణాల్లో దాన్ని పీకి మూలన పడేస్తారు. మీరు ఆ పని చేయకండి. కొనేటప్పుడు రేకు మందం బ్లేడు ఒంటి మందం కన్నా ఎక్కువగా, పళ్ల కోత వెడల్పు కన్నా తక్కువగా ఉందో లేదో చూసుకోండి.

తొంభై డిగ్రీలు సరిచూడటానికి ఒక తేలిక పద్ధతి చెబుతాను. వెడల్పైన చెక్క ముక్కను నిలువుగా పెట్టి మధ్యకు కోయండి. ఒక ముక్కను తలకిందులు చేసి రెండో ముక్కకు ఆనించండి. సందు కనిపిస్తే బ్లేడు వాలు తప్పినట్టే. కనిపించే సందు అసలు తప్పుకు రెట్టింపు ఉంటుంది కాబట్టి కంటికి దొరుకుతుంది.

కోసేటప్పుడు నియమాలు కొన్నే. చెక్కకు బల్ల మీద ఆనే ఒక సాపు ముఖం, ఫెన్సుకు ఆనే ఒక నిటారు అంచు ఉండాలి. అవి లేని గుండ్రని మొద్దును ఈ రంపం మీద పెట్టవద్దు. బాడిసె, చిత్రిక పట్టడం తెలిసిన మన తాతల పనితనం ఇక్కడే అక్కరకొస్తుంది. బ్లేడు వెనుక నిటారుగా నిలబడకుండా కొంచెం పక్కకు నిలబడండి. బ్లేడుకు ఆరు అంగుళాల లోపలికి చెయ్యి వెళ్లాల్సి వస్తే తోసే కర్ర వాడండి. చేతి తొడుగులు, మెడలో తువ్వాలు, పూసల దండలు వద్దు. పిల్లలు షెడ్డులోకి రాకుండా తలుపు, స్విచ్‌కు తాళం పెట్టండి.

రంపపుపొట్టును తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. దుమ్ము లాగే యంత్రం కొనే స్తోమత లేకపోతే తలుపులు తెరిచి పనిచేయండి, మాస్కు కట్టుకోండి.

చివరిగా చట్టం మాట. 2006 అటవీ హక్కుల చట్టం మనకిచ్చిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు ఉంది, కలప లేదు. అందుకే డిపోలో కొన్న కలప బిల్లులు, రవాణా పర్మిట్లు షెడ్డులోనే దాచుకోండి. రంపం బిగించే ముందు, లైసెన్సు కావాలో అక్కర్లేదో అటవీ రేంజి కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. కాగితం లేకపోతే నిజాయితీగా బతికేవాడు కూడా దొంగలా నిలబడాల్సి వస్తుంది.

తమ్ముళ్లారా, మన పెద్దలు ఇంటి గుంజ పాతే ముందు నిటారు చూసేవారు, కాడి తొలిచే ముందు ఎద్దుల ఎత్తు చూసేవారు. ముందు చూసి తర్వాత కోయడం వాళ్ల పద్ధతి. యంత్రం వచ్చినా ఆ పద్ధతి మారదు. ఊరికి ఒక్క షెడ్డయినా అలా కుదిరితే, మన బడి బల్లలు, మన పెళ్లి మంచాలు, మన వాయిద్యాల చట్రాలు పట్నం నుంచి తెచ్చుకునే అవసరం తగ్గుతుంది. పది వేళ్లతో మొదలుపెట్టిన పనిని పది వేళ్లతోనే మీ పిల్లలకు నేర్పండి.