ఇటలీ పల్లె దారుల్లో మేమిద్దరం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఇటలీ యాత్రానుభవాలు చెప్పమన్నారు. అనుభవాల కంటే, ఆ యాత్రకు ప్రణాళిక ఎలా వేసుకున్నామో చెబితే మీకు ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం. ఎందుకంటే నేను మొదట వేసిన ప్రణాళిక పూర్తిగా తప్పు.

నా 36 సంవత్సరాల సర్వీసులో మా శ్రీమతి, నేను ఇద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. ఎల్.టి.సి. మీద కాశీకి మా అమ్మానాన్నలతో వెళ్ళాం, ఊటీకి పిల్లలతో వెళ్ళాం. మిగిలినవన్నీ నా క్యాంపులే. రిటైరయ్యాక నాకు ఫోటోల సరదా పట్టుకుంది. ఇటలీలోని టస్కనీ కొండవాలుల బొమ్మలు చూసి, "ఈసారి మనిద్దరమే వెళ్దాం, నడుస్తూ తిరుగుదాం" అన్నాను. ఆవిడ నమ్మలేదు గాని సంతోషించింది.

నెల రోజులు కూర్చుని టూర్ ప్రోగ్రాం తయారు చేశాను. ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి రోముకు పోయే పాత యాత్రికుల బాట ఒకటుంది. పేరు వియా ఫ్రాంచీజెనా. క్రీ.శ. 990 ప్రాంతంలో సిజెరిక్ అనే ఆర్చిబిషప్పు రోము నుంచి తిరిగి వస్తూ తన మజిలీలన్నీ వరసగా రాయించి పెట్టాడు, మన టూర్ డైరీ లాగే. ఆ బాట వాల్ దోర్చా అనే లోయ మీదుగా పోతుంది. అందులో శాన్ క్విరికో నుంచి రాడికోఫాని దాకా సుమారు 32 కిలోమీటర్లు, చివర కొండ ఎక్కాలి. నా కాగితంలో అది ఒక్క రోజు పని. తెల్లవారుజామున ఒకచోట ఫోటో, సాయంత్రం మరొకచోట ఫోటో.

ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఇందులో సూర్యుడు ఏ వేళకి ఎక్కడుంటాడో రాశారు. నేనెక్కడుంటానో రాయలేదండీ" అంది. కాసేపాగి, "మీరు వెళ్ళి రండి. నేను అమ్మాయి దగ్గర ఉంటాను" అంది.

ఆమె కుడి మోకాలు అరిగింది. ఆ సంగతి నాకు తెలియక కాదు. "మీరు వెళ్ళి రండి" అనే మాట 36 ఏళ్ళుగా వింటున్నాను. విన్న ప్రతిసారీ సూట్‌కేసు పట్టుకుని వెళ్ళిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి ఆ కాగితం చింపేశాను.

ముందు డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. చదును నేల మీద నడక మంచిదేననీ, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాలికి భారం ఎక్కువనీ, రెండు చేతుల్లో ఊతకర్రలు పట్టుకోమనీ చెప్పారు. మూడు నెలలు విశాఖ బీచ్ రోడ్డులో రోజూ నడిచాం. వారానికొకసారి కైలాసగిరి ఎక్కి మెల్లగా దిగాం. ఆమె సుఖంగా నడవగలిగింది గంటకు మూడు కిలోమీటర్లు, రోజుకు పది. ఆ రెండు అంకెల మీదే కొత్త ప్రణాళిక వేశాం. ఈసారి కలం ఆవిడ చేతిలో ఉంది.

రోజుకో ఊరు మారకుండా శాన్ క్విరికోలోనే గది తీసుకున్నాం. సామాను మొయ్యనక్కరలేదు. ఒకవైపు నడిచి, రెండోవైపు బస్సులో రావచ్చు. అయితే ఆదివారాల్లో అక్కడ బస్సులు చాలా తక్కువ. అందుకని ఆదివారం విశ్రాంతి అని రాసుకున్నాం. నెల మే. అప్పుడు గోధుమచేలు పచ్చగా ఉంటాయి, గట్ల మీద ఎర్రటి పాపీ పూలు పూస్తాయి. ఆగస్టుకల్లా కోతలయిపోయి నేల గోధుమ రంగుకు తిరుగుతుంది, ఎండ కూడా ఎక్కువ. నవంబరులో మనకు లైఫ్ సర్టిఫికెట్ పని ఉండనే ఉంది.

కాగితాల సంగతి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాత జబ్బులకు బీమా వర్తిస్తుందో లేదో చిన్న అక్షరాలు కూడా చదివి సంతకం చేయండి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి.

మొదట సియెనాలో దిగాం. అక్కడి నగర భవనంలో ఆంబ్రోజో లోరెంజెట్టి 1338–39లో గీసిన కుడ్యచిత్రం ఉంది. మంచి పరిపాలన ఉంటే ఊరూ పల్లే ఎలా ఉంటాయో చూపించాడు. పొలంలో ధాన్యం నూర్చే రైతులను చూసి మా ఆవిడ అక్కడే నిలబడిపోయింది. 2004లో యునెస్కో వాల్ దోర్చాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ అందం అడవి అందం కాదు, తరాల తరబడి రైతులు దిద్దుకున్న అందం.

శాన్ క్విరికో నుంచి పియెంజాకు సుమారు పది కిలోమీటర్లు. దారిలో విటలేతా అనే చిన్న ప్రార్థనాలయం, పక్కన సైప్రస్ చెట్లు. ఇంకా మంచి కోణం దొరుకుతుందని నేను చేలోకి అడుగు వేయబోతే, "పంట చేలో కాలు పెడతారా? రైతు బిడ్డ చేసే పనేనా?" అని చొక్కా పట్టి లాగింది. గట్టు మీద నుంచే తీశాను.

పియెంజా ఆ ఊళ్ళో పుట్టిన పోపు రెండవ పయస్ 1459 నుంచి కట్టించిన పట్టణం. అక్కడ ఒక సందు పేరు ప్రేమ వీధి, ఇంకొకటి ముద్దు వీధి. నేను పలక చదివి అర్థం చెబితే, "మెల్లగా, ఎవరైనా వింటారు" అంది. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే!

మర్నాడు అయిదారు కిలోమీటర్ల దూరంలోని బాన్యో విన్యోని వెళ్ళాం. ఆ ఊరి నడిబొడ్డున ఉన్నది చదును నేల కాదు, వేడినీటి బుగ్గ కొలను. అందులో దిగనివ్వరు. పాత నీటిమరల దగ్గర పారే కాలువలో పాదాలు పెట్టుకుని ఆవిడ కూర్చుంది. నేను కొండల మీదికి వెలుగు వాలే సమయం కోసం చూస్తున్నాను. మేలో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి ఎనిమిదిన్నరకు. ఇంకా రెండు గంటలుంది. ఊరికే కెమెరా ఆవిడ వైపు తిప్పాను. అప్పుడు తట్టింది, మా ఇంట్లో ఆవిడ ఒక్కర్తీ ఉన్న ఫోటో పెళ్ళిచూపులకు పంపినదొక్కటే. మిగిలిన వాటిలో చంకలో పిల్లలో, పక్కన అత్తమామలో ఉంటారు.

ఆ ఎనిమిది రోజుల్లో నడిచింది మొత్తం 50 కిలోమీటర్లు. రాడికోఫాని చూడలేదు. ఆ లోటు నాకు లేదు. కాలువలో పాదాలు పెట్టుకున్న ఆ ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను.

మిత్రులారా, అందరం ఇటలీ వెళ్ళనక్కరలేదు. అరకు చాలు, ఊరి చెరువుగట్టు చాలు. ప్రోగ్రాం వేసేటప్పుడు కలం మాత్రం ఇంట్లో వాళ్ళ చేతికివ్వండి. "మీరు వెళ్ళి రండి" అనే మాట వినబడితే ఆ పూటకు ఆగిపోండి.