సగటు మనిషి ఎవరు?



హక్కుల గురించి మాట్లాడుకునే సభలో కారు సీటు గొడవేమిటని మీకు అనిపించవచ్చు. స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉన్నారు. కారుని వెనకనుంచి మరో వాహనం ఢీకొట్టినప్పుడు లోపలున్న మనిషి మెడ ఎలా కదులుతుంది, ఎందుకు దెబ్బతింటుంది అన్నదానిమీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

ఢీకొన్న మరుక్షణం సీటు మన వీపుని ముందుకి తోస్తుంది. తల ఒక్క లిప్తపాటు ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ తేడానంతా మెడ భరించాలి. విప్‌లాష్ అంటారు దీన్ని. ఎముక విరగదు, ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనపడదు, నొప్పి మాత్రం కొందరికి ఏళ్ళ తరబడి పోదు. (ఎక్స్‌రేలో కనపడని ఆడవాళ్ళ నొప్పికి ఏం పేరు పెడతారో మీకు నేను చెప్పక్కర్లేదు.) ఈ గాయం స్త్రీలకే ఎక్కువని 1960ల చివరినుంచీ ప్రమాదాల లెక్కలు చెబుతూనే ఉన్నాయి. చాలా అధ్యయనాల్లో అది ఒకటిన్నర నుంచి మూడు రెట్లు.

మరి సీట్లని ఏ శరీరంతో పరీక్షించారు? 1990ల చివర చాల్మర్స్ విశ్వవిద్యాలయంలో, వెన్నుపూసలు కదిలే డమ్మీ బొమ్మని ఇందుకోసమే తయారుచేశారు. ఆ పనిలో లిండర్ కూడా ఉన్నారు. అది సగటు పురుషుడి బొమ్మ. ఆ కాలంలోనే వచ్చిన కొత్త రక్షణ సీట్లలో కొన్ని పురుషుల గాయాలు తగ్గించినంతగా స్త్రీల గాయాలు తగ్గించలేదు.

ఆడ బొమ్మ కూడా ఉందిగా అంటారు. ఉంది. దాదాపు 150 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల లోపు బరువు. మన దగ్గర ఆ ఎత్తు వింతేమీ కాదు గాని, అది మగ బొమ్మని కుదించి చేసిందే. కుదించిన పురుషుడు స్త్రీ కాడు. భుజాలూ తుంటీ వేరు, బరువు నిలిచే చోటు వేరు. తేలికైన ఒంటికి సీటు వెనక్కి అంతగా వంగదు, మనిషిని త్వరగా ముందుకి విసిరేస్తుంది.

లిండర్ బృందం మొదట కంప్యూటర్‌లో సగటు స్త్రీ నమూనా చేసింది. 2022లో అసలు బొమ్మనే చూపించింది: 162 సెంటీమీటర్లు, 62 కిలోలు. అప్పటికి ఐరోపా పాటించే వాహన నిబంధనల్లో సగటు పురుషుడి బొమ్మ ఉంది, సగటు స్త్రీ ఊసు లేదు. నిబంధన అడగని బొమ్మని ఏ కంపెనీ కొంటుంది?

2023 అక్టోబరులో మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ మొదలైనప్పుడు కూడా, ఎదురుగా ఢీకొట్టే పరీక్షలో ముందు సీట్లు రెండింటిలోనూ కూర్చోబెట్టింది పురుషుడి బొమ్మలనే. స్టార్లు లెక్కపెట్టి కారు కొనుక్కున్న స్త్రీకి, అవి ఎవరి శరీరానికి వచ్చిన స్టార్లో షోరూములో ఎవరూ చెప్పరు.