పెద్ద సంఖ్య పెట్టి చూశావా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ రంగంలో నా అనుభవాలు చెప్పమన్నారు. అనుభవాలంటే అందరూ విజయాలే చెబుతారు. వాటికి నాకన్నా అర్హులు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి చెబుతాను. ముప్పై ఏళ్ళు దాటినా అది నన్ను వదల్లేదు. పైగా ఆ తప్పుకి, ఈ బడికి సంబంధం ఉంది.

మా లెక్కల మాస్టారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. బీజగణితంలో ఏ సూత్రం రాబట్టినా ఆయన పలక మీంచి చూపు తిప్పకుండా రెండు ప్రశ్నలు అడిగేవారు. "సున్నా పెట్టి చూశావుట్రా? పెద్ద సంఖ్య పెట్టి చూశావుట్రా?" జవాబు సరైనదే అయినా సరే, ఆ రెండూ చూడకపోతే అర మార్కు కోసేవారు. ఆ అర మార్కుల కోసం నేను ఆయన్ని మనసులో ఎన్ని తిట్టుకున్నానో ఇప్పుడు చెబితే బాగుండదు.

1993లో ఇంజనీరింగ్ పూర్తయింది. ఉద్యోగం రాలేదు. ఇద్దరు స్నేహితులం కలిసి ఒక కంప్యూటర్ అద్దెకి తెచ్చి, చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిపెట్టే పని మొదలుపెట్టాం. ఒక పాల కేంద్రం వాళ్ళు రైతులకి పదిహేను రోజులకోసారి ఇచ్చే బిల్లులు కంప్యూటర్లో రావాలన్నారు. టర్బో సి లో రాశాను. లెక్క చాలా సులువు. పక్షంలో పోసిన లీటర్లని, వెన్న శాతాన్ని బట్టి కట్టిన లీటరు ధరతో గుణించాలి, అంతే.

అక్కడ నేనొక తెలివైన పని చేశాను. రూపాయల్ని దశాంశాల్లో పెట్టకుండా, మొత్తం పైసల్లో లెక్కగట్టాను. ఎందుకో పిల్లలకు చెబుతాను. ఒకటిని మూడుతో భాగించి దశాంశంలో రాయండి. 0.333 అంటూ ఎక్కడా ఆగదు కదా. కంప్యూటర్ రెండు అంకెల మనిషి, సున్నా, ఒకటి తప్ప ఎరగదు. మనం హాయిగా రాసుకునే 0.1 దాని లిపిలో అలా ఆగకుండా పోతూనే ఉంటుంది. అది ఎక్కడో ఒకచోట కోసేసి దాచుకుంటుంది. అందుకే ఈనాటికీ చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3కి సమానం కాదంటుంది. డబ్బు లెక్కల్లో ఆ పొట్టు పేరుకుపోతుంది. అందుకని పైసల్లో పూర్ణ సంఖ్యలుగా పెట్టాను. ఇంతవరకు మంచి పనే.

ఆ పైసల్ని ఏ పాత్రలో పోశానో మాత్రం చూసుకోలేదు. మన ఇళ్ళల్లో సోలె, తవ్వ, మానిక, కుంచం ఉండేవి కదా. ప్రోగ్రాములో ఒక్కో సంఖ్యకి ఒక్కో కొలపాత్ర ఉంటుంది. దాన్నే టైపు అంటాం. ఆ రోజుల్లో టర్బో సి లో 'ఇంట్' అనే పాత్రకి 16 గళ్ళు. ఒక్కో గడిలో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది. మొత్తం 65,536 సంఖ్యలు. అందులో సగం రుణ సంఖ్యలకి పోతే, పైకి మిగిలేది 32,767 వరకే. అది దాటితే ఏమవుతుంది? మాస్టారి స్కూటర్ మీటరు 99999 తర్వాత 00000కి తిరిగినట్టు, ఇది కూడా తిరిగిపోతుంది. కాకపోతే సున్నాకి కాదు, మైనస్ 32,768కి. కుంచెడు గింజలు మానికలో పోస్తే కింద పడ్డవి కళ్ళకి కనబడతాయి. ఇక్కడ అవీ కనబడవు.

32,767 పైసలంటే 327 రూపాయల 67 పైసలు. నేను పరీక్షకి వాడిన లెక్కల్లో ఏ రైతూ 40 లీటర్లు మించి పొయ్యలేదు. లీటరు 5 రూపాయలనుకుంటే 200 రూపాయలు. అన్నీ సరిపోయాయి. ప్రోగ్రాము పెట్టింది ఎండాకాలంలో. పాలు తక్కువ. అప్పుడూ సరిపోయింది. కేంద్రంలో నాకు కాఫీ ఇచ్చి, దండ కూడా వేశారు.

కార్తీకంలో పచ్చిగడ్డి వచ్చింది, గేదెలు ఈనాయి, పాలు పెరిగాయి. ఒక రైతు 90 లీటర్లు పోశాడు. 450 రూపాయలు రావాలి. బిల్లులో మైనస్ 205 రూపాయల 36 పైసలు వచ్చింది. అంటే పాలు పోసిన పాపానికి ఆయనే కేంద్రానికి బాకీ. ఆయన బిల్లు పట్టుకుని గుమాస్తా గారి మీదకి వచ్చాడు. గుమాస్తా గారు నాకు కబురు పెట్టారు.

నేను వెళ్ళి మొదట అన్నమాట ఏమిటో తెలుసా? "మీరే తప్పు ఎక్కించి ఉంటారండీ. కంప్యూటర్ తప్పు చెయ్యదు." ఆయన మా నాన్న వయసువారు. ఏమీ అనలేదు. చేతిరాత రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. అంకె అంకెకీ సరిగ్గానే ఎక్కించారు.

సాయంత్రానికి కారణం తెలిసింది. మొత్తాన్ని దాచే పాత్రని పెద్దది చేశాను. 'లాంగ్' అంటారు, దానికి 32 గళ్ళు. రెండు కోట్ల రూపాయల పైచిలుకు పడుతుంది. మళ్ళీ నడిపాను. మళ్ళీ మైనస్సే! తల గిర్రున తిరిగింది. అర్ధరాత్రి దాటాక అర్థమైంది. 90ని 500 పైసలతో గుణించేటప్పుడు ఆ రెండూ చిన్న పాత్రలే. గుణకారం చిన్న పాత్రలోనే జరిగి, అక్కడే పొర్లి, పాడైన జవాబు వచ్చి పెద్ద పాత్రలో పడుతోంది. గుణించకముందే ఒకదాన్నైనా పెద్ద పాత్రలోకి మార్చాలి. మార్చాను. 450 వచ్చింది. ఈ రోజుకీ సి నేర్చుకునేవాళ్ళు తరచుగా పడే గుంత ఇది.

పొద్దున్నే నవ్వుతూ బయల్దేరబోతుంటే గుమాస్తా గారు అడిగారు. "బాబూ, మైనస్ పడ్డవాళ్ళు వచ్చి అడిగారు. మైనస్ పడకుండా తప్పు పడ్డవాళ్ళ సంగతేమిటి?"

నా దగ్గర జవాబు లేదు. మాస్టారి గొంతు చెవిలో వినబడింది. కాగితం తీసి పెద్ద సంఖ్య పెట్టి చూశాను. 140 లీటర్లు, 700 రూపాయలు, 70,000 పైసలు. అందులోంచి 65,536 తీసేస్తే 4,464. అంటే 44 రూపాయల 64 పైసలు. మైనస్ లేదు. చూడటానికి శుభ్రమైన బిల్లు.

రిజిస్టరు మొదటి పేజీ నుంచి చేత్తో లెక్కలు వేశాం, ఇద్దరమూ కూర్చుని. అలాంటి బిల్లు ఒకటి దొరికింది. భర్త పోయి, గేదెల మీదే ఇల్లు నడుపుకుంటున్న ఒకావిడది. అప్పుడే రెండు గేదెలు ఈనాయి. వేలిముద్ర వేసి 44 రూపాయల 64 పైసలు పట్టుకెళ్ళింది. గుమాస్తా గారితో కలిసి ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఎందుకు అడగలేదమ్మా అంటే ఆవిడ చెప్పింది ఇదీ. "దాణా బాకీ కింద కోసుకున్నారేమో అనుకున్నానయ్యా. అయినా మిషను చెప్పిన లెక్క కదా, నాకేం తెలుసు?"

ఆవిడకి మేం ఇవ్వాల్సిన మిగతా డబ్బు సరిగ్గా 655 రూపాయల 36 పైసలు. 65,536 పైసలు. 16 గళ్ళ లెక్క ఆ పిడతలాంటి ఇంట్లో, ఆవిడ చేతిలో నోట్లుగా లెక్కపెడుతుంటే నేను తలెత్తలేకపోయాను. ఆ పదిహేను రోజులూ వాళ్ళు ఏం తిన్నారో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది. తిరిగి వచ్చేటప్పుడు దారిలో గుమాస్తా గారికి క్షమాపణ చెప్పుకున్నాను. "పోనీలే బాబూ, రిజిస్టరు మాత్రం నేను మానను" అన్నారు.

నా తప్పుని చిన్నది చెయ్యడానికి కాదుగానీ, ఈ గుంతలో మహామహులూ పడ్డారు. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియాన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. పాత ఏరియాన్ 4లో బాగా పనిచేసిన ప్రోగ్రాము భాగాన్నే ఇందులోనూ వాడారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. ఒక పెద్ద సంఖ్యని 16 గళ్ళ పాత్రలోకి మార్చబోతే పట్టలేదు. దాదాపు 40 సెకన్లకి రాకెట్ దారి తప్పి పేలిపోయింది. నా పాల కేంద్రంలో పొర్లింది కూడా అలాంటి 16 గళ్ళ పాత్రే.

ఇంకొకటి. నిఘంటువులో మాట వెతకాలంటే మనం మధ్యకి తెరిచి, ముందుకా వెనక్కా అని చూసి, సగం వదిలేసి, మళ్ళీ మిగిలిన సగంలో మధ్యకి తెరుస్తాం. కంప్యూటర్లో దాన్ని బైనరీ సెర్చ్ అంటారు. మధ్య పేజీ కావాలంటే మొదటి పేజీ, చివరి పేజీ కలిపి రెండుతో భాగిస్తాం. ఇందులో తప్పేముంది? జావా భాషతో వచ్చే గ్రంథాలయంలో ఇలాగే రాశారు. దాన్ని రాసిన జాషువా బ్లాకే 2006లో అందులో తప్పుందని లోకానికి చెప్పారు. పట్టిక చాలా పెద్దదైతే ఆ రెండూ కలిపినప్పుడు 32 గళ్ళు కూడా పొర్లుతాయి. మందు చిన్నదే. ముందు తేడా కట్టి, దాన్లో సగం మొదటిదానికి కలపాలి. అంత పేరున్న ప్రోగ్రాములో అది ఏళ్ళ తరబడి ఎవరికీ కనబడలేదు. ఆయన దాచకుండా చెప్పారు చూడండి, నాకు అది నచ్చింది.

ఇప్పుడు మన బడి పిల్లలు పైథాన్ నేర్చుకుంటున్నారని విన్నాను. సంతోషం. అందులో పూర్ణ సంఖ్యకి పాత్ర దానంతటదే పెరుగుతుంది, నా గుంత మీకు లేదు. కానీ భాష మారితే గుంత మారుతుంది. 'ఎ' సెక్షన్ మార్కుల జాబితా ఉంది. 'బి' సమానం 'ఎ' అని రాశారు. కాపీ వచ్చిందనుకుని 'బి'లో ఒక మార్కు దిద్దారు. 'ఎ'లోనూ మారిపోయింది! అక్కడ జాబితా ఒక్కటే, పేర్లే రెండు. ఇంట్లో చిన్నా, హాజరు పట్టీలో ఇంకో పేరు, కుర్రాడు ఒక్కడే. చిన్నాకి జుట్టు కత్తిరిస్తే హాజరు పట్టీ కుర్రాడు జుట్టుతో మిగలడు కదా. విడిగా కావాలంటే కాపీ చెయ్యమని అడగాలి.

పిల్లలూ, ప్రోగ్రాము నడిచిందంటే సరైనదని కాదు. మీరు ఇచ్చిన లెక్కలకి నడిచిందని మాత్రమే. సున్నా ఇచ్చి చూడండి, ఖాళీ జాబితా ఇచ్చి చూడండి, పెద్ద సంఖ్య ఇచ్చి చూడండి. జవాబు ముందు కాగితం మీద అంచనా వేసుకుని అప్పుడు మీట నొక్కండి. ఎవరైనా తప్పు వచ్చిందంటే ముందు వాళ్ళ రిజిస్టరు చూడండి, ఆ తర్వాతే మాట్లాడండి. ఎందుకంటే మీ ప్రోగ్రాముకి అవతలి వైపు, మిషను చెప్పింది కదా అని నోరు మూసుకుని వెళ్ళిపోయే మనిషి ఒకరు ఉంటారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఉంటే ఆయన కోసిన ప్రతి అర మార్కుకీ వెళ్ళి దణ్ణం పెట్టేవాణ్ణి. ఆ లెక్కల గది గోడ మీద ఆయన రెండు ప్రశ్నలూ పెద్దక్షరాలతో రాయించమని ప్రధానోపాధ్యాయుల వారిని కోరుతున్నాను. రంగు ఖర్చు నాది.