హద్దు గీయాల్సింది పెద్దవాళ్లే

ఈరోజు బి.ఎడ్. పట్టా అందుకుంటున్న కొత్త ఉపాధ్యాయులారా, రేపు మీరు తరగతిలో అడుగుపెట్టగానే మార్కులు, హాజరు, ప్రాక్టికల్స్ అన్నీ మీ చేతిలోకి వస్తాయి. అంతటి అధికారమున్న చెయ్యి భుజం మీద పడితే, ఇబ్బందిగా ఉన్నా ‘వద్దు సార్’ అని ఏ పిల్ల అనగలదు? ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అందుకే హద్దు తెలుసుకుని మసలుకునే బాధ్యత పూర్తిగా మనదే.

గురువు తల్లిదండ్రులతో సమానం, మధ్యలో ఈ హద్దులేమిటని కొందరంటారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనం చూడండి. పిల్లలను లైంగికంగా వేధించినవారిలో సగం మంది వారికి తెలిసినవాళ్లో, నమ్మకమైన స్థానంలో ఉన్నవాళ్లో. బాధితుల్లో సగానికి పైగా మగపిల్లలే. బడి గేటు దగ్గర బిడ్డను దింపి నిశ్చింతగా వెళ్లే తల్లి నమ్మకమే దుర్మార్గుడికి అండ అవుతోంది. 2012 నాటి పోక్సో చట్టం దీన్ని గుర్తించింది: లైంగిక ఉద్దేశంతో పిల్లలను తాకిన బయటివాడికి కనీసం 3 ఏళ్ల జైలు, అదే పని తమ బడి పిల్లలపై చేసిన సిబ్బందికి కనీసం 5 ఏళ్లు.

అయితే కిందపడ్డ బిడ్డను లేవదీయడానికీ భయపడాలా? అక్కర్లేదు. చర్మానికి చర్మం తగిలిందా అన్నది కాదు, లైంగిక ఉద్దేశమే కీలకమని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ మన మనసులోని ఉద్దేశం పిల్లలకు కనబడదు, మన నడవడే కనబడుతుంది. కాబట్టి అవసరముంటేనే, అడిగి, అందరి ఎదుటా తాకాలి. కబడ్డీ పట్టు నేర్పే పీఈటీ ముందు నోటితో చెప్పి, తర్వాత ఇద్దరు పిల్లలతో చేయించి, అప్పటికీ కుదరకపోతే ‘మోచెయ్యి సరిచేయనా?’ అని అడగవచ్చు. మోకాలు చెక్కుకుపోయిన ఒకటో తరగతి బిడ్డను వరండాలో కూర్చోబెట్టి, ఆయా ఉండగా గాయం కడగవచ్చు. స్టాఫ్‌రూమ్ తలుపు మూసి ఓదార్చాల్సిన పని మాత్రం ఎవరికీ ఉండదు. ఈ పద్ధతి మంచి టీచరును అపనిందల నుంచీ కాపాడుతుంది.

ఇక బడి పరువు పోతుందని ఫిర్యాదులు దాచే మాట. సహోద్యోగి మీద ఫిర్యాదు వస్తే నిజానిజాలు తేల్చడం మన పని కాదు, పోలీసులకు చెప్పడం మన విధి. చెప్పకపోతే 6 నెలల వరకు, తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ‘అవసరముంటేనే, అడిగి, అందరి ఎదుటా’ అన్న నియమాలను, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరును పిల్లలకు కనబడేలా గోడ మీద రాయించమని మీ హెడ్మాస్టరును అడగండి.