పదహారేళ్ళకే అందవలసిన చదువు

 

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో నడిచే చర్చ ఒక్కటే: ఎంపీసీనా, బైపీసీనా? సమాజశాస్త్రం పేరెత్తేవాళ్ళు అరుదు. అదే కుర్రాడు ఇంజనీరింగ్ పూర్తిచేసి, సివిల్స్ మీద మనసుపడి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కు చేరితే, ఆప్షనల్‌గా సోషియాలజీ తీసుకుంటాడు. ఈ శాస్త్రానికి పునాదులు వేసిన డర్క్‌హైమ్, వెబర్ పేర్లు అప్పుడు మొదటిసారి వింటాడు. పదహారేళ్ళకు అందవలసిన చదువు అంత ఆలస్యంగా, అదీ ర్యాంకు కోసం అందడం నాకు బాధగా ఉంటుంది.

పదహారేళ్ళకే ఎందుకంటారా? పెద్దవాళ్ళు ఏం చెప్పినా ఎందుకని ఎదురడిగే వయసు అది. ఆ అడగడానికి ఒక పద్ధతి నేర్పేది ఈ శాస్త్రం.

ఇంటర్ మొదటి ఏడాది పిల్లలకు నేను ముందుగా ఇచ్చే పని ఇది. ఆదివారం పొద్దుటినుంచి రాత్రిదాకా అమ్మ ఏ గంటకు ఏం చేసింది, నాన్న ఏం చేశారు, రాసుకురమ్మంటాను. “మా అమ్మ ఏ పనీ చెయ్యదు సార్, ఇంట్లోనే ఉంటుంది” అన్న పిల్లవాడి నోటుపుస్తకమే ముందు నిండుతుంది. వాకిట్లో కళ్ళాపి, టిఫిను, కుళాయి దగ్గర బిందెలు, బట్టలు, మామ్మకు మందులు, అందరూ తిన్నాక తన భోజనం, పడుకోబోయే ముందు పాలు తోడుపెట్టడం. ఆ పుస్తకాలన్నీ బల్లమీద పక్కపక్కన పరిస్తే క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు 2019లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వే చూపిస్తాను. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు అప్పట్లో దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. చేసే పురుషులు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి 26 మంది. తమ ఇంటి లెక్క దేశం లెక్కలో కనిపించాక, పిల్లలు అమ్మను చూసే చూపు మారుతుంది.

అమెరికన్ సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో రాసిన పుస్తకంలో ఈ సంగతే తేల్చాడు: మనిషి సొంత కష్టమేది, సమాజపు సమస్య ఏది? ఒక ఊళ్ళో ఓ అమ్మాయి పదితో చదువు మానేస్తే ‘చదువు ఒంటబట్టలేదు’ అంటారు. అదే ఊళ్ళో ఏటా అమ్మాయిలే మానేస్తుంటే బస్సు వేళలు చూడాలి, హాస్టల్లో సీట్లు చూడాలి, పెళ్ళి సంబంధాలు ఏ వయసుకు మొదలవుతున్నాయో చూడాలి. ఈ తేడా తెలిసిన అమ్మాయి తనను తాను నిందించుకోదు. నా దృష్టిలో ఈ సబ్జెక్టు చేసే అతి పెద్ద మేలు అదే.

ఇదేమీ ఎక్కడో విదేశాల్లో పుట్టి మనకు అతకని విద్య కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే 1950ల తొలినాళ్ళలో తన బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో మకాం వేశారు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం చదివినవాళ్ళూ ఆ బృందంలో ఉన్నారు. కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, పండుగలు, కుటుంబాలు, తిండీబట్టా అన్నీ దగ్గరగా చూసి రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వచ్చింది. ఒక తెలంగాణ పల్లెను ప్రపంచమంతా చదివింది.

ఉద్యోగాల సంగతి తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. జనగణన, ఆరోగ్య సర్వేలు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు, అన్నిచోట్లా మనుషుల్ని సరిగ్గా అడిగి, విన్నది సరిగ్గా రాసేవాళ్ళు కావాలి.

అయితే జూనియర్ కళాశాలల అధ్యాపకులమైన మనం నోట్సు చెప్పి రాయించే పద్ధతిలో ఆ నేర్పు రాదు. సీబీఎస్ఈ పన్నెండో తరగతిలో ఈ సబ్జెక్టుకు రాతపరీక్ష 80 మార్కులు, ప్రాజెక్టు 20. ఆ ఇరవై మార్కుల ప్రాజెక్టును ఇంటర్నెట్ నుంచి దించుకొచ్చి అట్ట వేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

హైదరాబాద్ చుట్టుపక్కల మిత్రులు ఒకరోజు పిల్లల్ని శామీర్‌పేట తీసుకెళ్ళండి. ఇప్పుడు అక్కడ ఔటర్ రింగురోడ్డుంది, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. చెరువు కింద సాగు ఎంత మిగిలింది, భూములమ్మిన ఇళ్ళు ఏం చేస్తున్నాయి, కొత్తగా ఎవరొచ్చారు, ఇవన్నీ పిల్లలనే అడగనివ్వండి. మిగతా జిల్లాలవారికి కాలేజీ గేటు ముందరి బస్టాపు చాలు. ప్రశ్నలు ఎలా తయారుచేయాలో తేల్చుకోవాలనుకునేవారు భోజనాలయ్యాక ఇక్కడే ఉండండి, కలిసి రాసుకుందాం.