ఇసుక పొదిగిన పిల్లలు
(ఉగాది సభలో విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగము)

 

పరిసరమంటే గాలి, నీరు, చెట్లు అని పాఠములో వల్లిస్తాము. అది ప్రాణి చుట్టూ ఉండేది మాత్రమే కాదు, ప్రాణిని తీర్చిదిద్దేది కూడ. ఇందుకు ఉదాహరణ మన బరంపురానికి చేరువలోనే, ఋషికుల్యా నది సముద్రములో కలిసే చోట ఉన్నది.

ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు అక్కడకు వేలకొలదిగా వస్తవి. కొన్ని ఏండ్లు అట్లా గుంపుగా రావు. ఒక్కొక్క తల్లి ఇసుకలో గుంట త్రవ్వి, సుమారు 100 గ్రుడ్లు పెట్టి, పూడ్చి, వెళ్లిపోతుంది. వాటిని పొదిగేది ఇసుక వేడిమియే. 45 మొదలు 60 రోజులలో పిల్లలు వెలువడుతవి.

మనిషి శిశువు ఆడయో మగయో తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోము నిర్ణయిస్తుంది. ఈ తాబేళ్లకు ఆ నిర్ణయము ఇసుకది. వేడి హెచ్చితే ఆడవి, తగ్గితే మగవి అధికముగా పుడతవి. భూమి ఇంకను వేడెక్కితే మగవి కరవై వంశమే చిక్కులో పడవచ్చును.

పిల్లలు సాధారణముగా రాత్రివేళ బయటపడి వెలుగున్న దిక్కుకు నడుస్తవి. దీపములు లేని తీరమున ఆ వెలుగు సముద్రము వైపే ఉంటుంది. ఇప్పుడు రోడ్డు దీపములు అంతకంటె మెరుస్తవి. పిల్ల దారితప్పి కుక్కలకు, కాకులకు ఆహారమవుతుంది.

ఆ తీరపు పల్లెలలో తెలుగు మాట్లాడే మత్స్యకారులున్నారు. తాబేళ్లను కాపాడుటకు అక్కడి యువకులు పాటుపడుతున్నారు. భూమి వేడిని తగ్గించుట ఒక్కరి వల్ల కాదు. దీపమార్పుట మన చేతిలోనిదే. ఈ వేసవి రాత్రులలో ఆ ఒడ్డుకు వెళితే టార్చిలైటుగాని, సెల్‌ఫోను దీపముగాని వెలిగించకండి. పెద్దలకును చెప్పండి.