కడుపులో పుండుకు పాలు మందా?
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడిరైతుల సభలో పాల గొప్పతనం చెప్పడం ఆనవాయితీ. నేను మాత్రం ఈరోజు పాలు చేయలేని పని ఒకటి చెబుతాను. కడుపులో పుండుకు, అంటే అల్సరుకు, పాలు మందు కావు.

ఈ నమ్మకం మన పల్లెల్లోనే పుట్టింది కాదు. 1915లో అమెరికాలోని షికాగో డాక్టరు సిప్పీ, అల్సరు రోగులకు గంటగంటకూ పాలు, మీగడ ఇమ్మన్నారు. ఆ పద్ధతి దశాబ్దాలపాటు నడిచింది. పాలు తాగగానే మంట తగ్గే మాట నిజమే. కాని పాలలోని మాంసకృత్తులు, కాల్షియం కడుపులో ఆమ్లాన్ని మళ్ళీ ఊరిస్తాయి. 1976లో అమెరికాలో ప్రచురించిన పరిశోధన దీన్ని కొలిచి చూపింది.

మరి పుండు ఎందుకు పడుతుంది? మనం తిన్న మాంసాన్ని అరిగించే ఆమ్లం మన కడుపు గోడను తినకుండా ఒక జిగురు పొర కాపాడుతుంది. ఆ పొరకు ముఖ్యమైన శత్రువులు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మక్రిమి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే డాక్టర్లు 1982లో దీన్ని పెంచి చూపారు. అందుకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండోది ఆస్పిరిన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి మనమే అంగట్లో కొని మింగేవి ఇవే.

నెయ్యికి గాలి తగిలితే కొన్నాళ్ళకు కనరు వాసన కొడుతుందని మీకు తెలుసు. రాగి పాత్రలో ఉంచితే ఇంకా త్వరగా చెడుతుంది. అది ప్రాణవాయువు కొవ్వును చెరచడమే. క్రిమి చేరిన కడుపు గోడలోనూ ఇలాంటి పని జరుగుతుంది. క్రిమితో పోరాడే తెల్లకణాలు వదిలే ఘాటైన పదార్థాలు మన కణాలనే దెబ్బతీస్తాయి. ఈ చెరుపును అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు.

వీటికోసం డబ్బాలు కొననక్కరలేదు. ఉసిరి, జామ, నిమ్మలో సి విటమిన్ ఉంది. మన వేరుసెనగలో ఇ విటమిన్ ఉంది. మునగాకులో, రాగుల పొట్టులో కూడా ఇలాంటి పదార్థాలున్నాయి. రాగి సంగటి, ఆకుకూర, ఒక జామపండు కడుపుకు మేలు చేసే తిండే. అయితే ఇవి తోడ్పడేవే గాని క్రిమిని చంపేవి కావు. ఉసిరిపొడిని నమ్ముకుని వైద్యం వాయిదా వేయకండి.

కడుపులో మంట, నొప్పి రెండు వారాలైనా తగ్గకుంటే డాక్టరుకు చూపించండి. క్రిమి ఉన్నదీ లేనిదీ పరీక్షలో తెలుస్తుంది. ఉంటే సాధారణంగా రెండు వారాల మందులతో పోతుంది. మంట తగ్గిందని మధ్యలో మానకండి. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పనిదే వాడకండి. గుండెకోసం డాక్టరు ఇచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి. బీడీ, చుట్ట మానండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో నెత్తురు పడినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆ రాత్రికి పాలు తాగి పడుకుంటే ప్రాణానికే ముప్పు.

పాలు పడేవారు ఆహారంగా హాయిగా తాగండి, పిల్లలకు పోయండి. మీ కేంద్రానికి పాలు పోయడానికి వచ్చేవారిలో కడుపు మంటని చెప్పేవారుంటే ఈ నాలుగు మాటలూ వారికి చెప్పండి.